రంగులు జరిగిన అచ్చు

చెల్లెలి సంచి అక్కే సర్దుతోంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, కళ్ళు తుడుచుకోవడానికి పాత మెత్తటి గుడ్డలు, కంటి చుక్కల డబ్బా. మూడు వారాలకోసారి ఆసుపత్రికి సర్దే సంచే. అయినా ప్రతిసారీ గుమ్మం దాటిన మనిషి మళ్ళీ గుమ్మంలో కనిపించేదాకా అక్కకు ముద్ద దిగదు.

"అంతలా కూరకే అక్కా. నేనేమన్నా కాపురానికి పోతున్నానా?" అంది చెల్లెలు మంచం మీంచి.

"నోరు మూసుకుని పడుకోవే."

ఇద్దరూ ఒకే ప్రెస్సులో పనిచేశారు. అక్క పుస్తకాలు కుట్టే గదిలో, చెల్లెలు అచ్చు యంత్రాల దగ్గర. రంగు మార్చినప్పుడల్లా, సిరాను కరిగించే సాల్వెంట్‌లో ముంచిన గుడ్డతో రోలర్లు తుడవడం ఆమె పని. కాగితానికి తేమ తగలకూడదని కిటికీలు బిగించి ఉంచేవారు. తలనొప్పి అంటే "కాసేపు బయట తిరిగిరా" అనేవాడు మేనేజరు. అలాంటి సాల్వెంట్లలో కొన్ని పీల్చినవాళ్ళకు పిత్తనాళంలో క్యాన్సర్ వస్తోందని పరిశోధకులు తేల్చేసరికి, అది ఆమె ఒంట్లో కాపురం పెట్టేసింది.

ఇప్పుడు ఇస్తున్నది కొత్త మందు, ఇంకా పరీక్షల్లోనే ఉంది. గడ్డను వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే విషం దించుతుందట. ఒక్కోసారి ఆ విషం కళ్ళనూ తాకుతుందట. చూపు ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే చెప్పాలని నర్సు వేలు చూపించి మరీ హెచ్చరించింది. గడ్డ మాత్రం సగానికి తగ్గింది. చెల్లెలు తనంతట తాను లేచి స్నానం చేస్తోంది. ఆ ఇంటికి అదే పదివేలు.

"దీన్నెవడు అచ్చేశాడో గానీ చేతులు విరగ్గొట్టాలి." చెల్లెలు చుక్కల డబ్బా అందుకుని తిప్పి చూస్తోంది. "ఎరుపు పక్కకి జరిగింది. అక్షరం పక్కన అక్షరం నీడ పడుతోంది చూడు."

ప్రెస్సులో ఆమెను భూతద్దం అనేవారు. రంగు వెంట్రుకవాసి జరిగినా పట్టేసేది. పని మానేసినా ఆ బుద్ధి పోలేదు. సబ్బు కవరు చేతికొచ్చినా ముందు అచ్చుకే వంక పెడుతుంది. ఈమధ్య వంకలు మరీ ఎక్కువయ్యాయి. అక్క నవ్వుతూనే కళ్ళజోడు సర్దుకుని, డబ్బాను వెలుతురుకి పెట్టి చూసింది. అక్షరాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

నవ్వు ఆగిపోయింది.

"నిన్న క్యాలెండరుకీ ఇదే వంక పెట్టావు కదే?"

"అదీ అంతే. ఈ రోజుల్లో పని ఎవడికొచ్చు?"

"అచ్చు బాగానే ఉందే తల్లీ."

చెల్లెలు ఒక కన్ను మూసి చూసింది. రెండోది మూసి చూసింది. తర్వాత అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకు దణ్ణం పెడతా, వాళ్ళకి చెప్పకు. చెబితే మందు ఆపేస్తారు."

"కళ్ళు పోతేనో?"

"కళ్ళు పోతే నువ్వు లేవూ నడిపించడానికి? మనిషే పోతే ఎవర్ని నడిపిస్తావు?"

అక్క వరండాలోకి వెళ్ళింది. కింద చెల్లెలి భర్త ప్రయాణానికి కారు తుడుస్తున్నాడు. అతనికి చెబితే ఆ బరువు అతని నెత్తిన పడుతుంది. చెప్పకుండా పంపేద్దామా అనుకుంది. గోడలు తడుముకుంటూ నడిచే చెల్లెలు కళ్ళముందు మెదిలింది. నర్సుకు ఫోన్ చేసింది.

"చెప్పి మంచిపని చేశారమ్మా. రమ్మనండి, కళ్ళ డాక్టరు చూస్తారు. ఈ విడత ఆపుదాం. తేరుకున్నాక మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడతారు" అంది నర్సు.

తలుపు దగ్గర నిలబడి చెల్లెలు అంతా విన్నది. "చాడీలు చెప్పే బుద్ధి నీకు చిన్నప్పటినుంచీ ఉన్నదేగా" అని సంచి తనే భుజాన వేసుకుంది. అక్క పట్టుకోబోతే విదిలించింది. కారెక్కాక అద్దం దించలేదు.

కళ్ళు తేరుకునేదాకా ఆసుపత్రిలోనే ఉంచారు. తేరుకున్నాయి కూడా. "గోడమీది బోర్డు శుభ్రంగా కనిపిస్తోందక్కా, ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?" అని ఫోన్లో ఎత్తిపొడిచింది. అంతలోనే పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు, జ్వరం. మందు మళ్ళీ మొదలుపెట్టే వీలు చిక్కలేదు. ఆపకపోయినా ఇలాగే జరిగేదేమో అన్నాడు డాక్టరు. జరిగేదని గట్టిగా అనమని అక్క రెండుసార్లు అడిగింది. అతను అనలేకపోయాడు.

చెల్లెలు ఇంటికి తిరిగి రాలేదు. ఆ వేసవి చివర్లో, ఒక మంగళవారం ఉదయం, ఆసుపత్రిలోనే పోయింది.