దెబోరా తనకు రాసుకున్న హక్కు

"చూసే హక్కు, రాసే హక్కు, నడిపే హక్కు." జొన్నరొట్టె తడుతూ దెబోరా పాఠం వల్లె వేస్తాంది. ఆదివారం నంద్యాలలో కంప్యూటరు పరీక్ష. అప్పజెప్పించుకునే దిక్కెవరున్నారు గనక! పిండితో చెప్పుకుంటుంది, పెనంతో చెప్పుకుంటుంది. మొగుడు ఆనందరావు బడిపంతులు, ఊరి పిల్లలందరి చేతా అప్పజెప్పించుకుంటాడు. పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి, "కంప్యూటరా? ముందు చారులో ఉప్పు సరిగ్గా ఎయ్" అని నవ్వుతాడు. తిట్టినా ఇంత బాధ ఉండదు.

రోజూ ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల ఆఫీసుకి బస్సులో పోయి రావాలి. ఈ ఇంట్లో ఒక పద్ధతుంది. కోడలు గడప దాటాలంటే వట్టికాళ్ళతో నిలబడి "పోయొస్తా అత్తా" అనాలి. అత్త సుగుణమ్మ "ఊ" అనేదాకా చెప్పులు తొడగకూడదు. ఆమె బైబిలు ముందేసుకుని కూర్చుంటే అధ్యాయం అయ్యేదాకా తలెత్తదు. ఒక్క ఊ కోసం ఎన్ని బస్సులు తప్పిపోయినాయో! ఆ తర్వాత నంద్యాలలో మేనేజరు శేషయ్య ముడుచుకున్న మొహం చూడాలి.

ఆఫీసులో ఈ ఎనభై తొమ్మిదో సంవత్సరంలోనే పెద్ద కంప్యూటరు మిషను పెట్టినారు. అద్దాల గది, చల్లటి గాలి. మిషను ఒకటే గానీ, పది బల్లల ముందు కూర్చున్న పదిమందికీ ఎవరి మిషను వాళ్ళకే ఉన్నట్టు కనపడుతుంది. ఎవరు ఏం చూడొచ్చు, ఏం మార్చొచ్చు అనేది లోపల రాసి ఉంటుంది. రాయని హక్కు లేనట్టే. అందరికంటే పెద్ద హక్కు శేషయ్యది. ఆయనకేమో మీట నొక్కాలంటే వణుకు. "అమ్మా దెబోరా, నా పేరుతో తెరువు" అని తన పాస్‌వర్డు ఈమెకు చెప్పేస్తాడు. చాకిరీ ఈమెది. మిషను మాత్రం ప్రతి పని కిందా శేషయ్య పేరే రాసుకుంటుంది, పై ఆఫీసు మెచ్చుకోలూ ఆయనకే. ఒకసారి నోరు తెరిచి, "నా పేరుకీ హక్కు ఇప్పించండి సార్" అంది. "ఇప్పుడు మార్చాలంటే సర్టిఫికెట్టు ఉండాలంటమ్మా. అయినా నా పేరుంది కదా, నీకెందుకా కష్టం?" అన్నాడు. ఆ మాటకే పరీక్షకు కట్టింది.

"ఆదివారం ఆరాధన మానుకుని పరీక్షకు పోతావా? చూద్దాం లే" అన్నాడు ఆనందరావు. ఆయన చూద్దాం అన్నాడంటే ఇంక లేదనే.

శనివారం ఆఫీసులో అందరూ టీకి పోయినాక, పాఠం సరిచూసుకుందామని, ఎవరికి ఏ హక్కులున్నాయో చూపమని, శేషయ్య పేరుతో తెరిచి ఉన్న మిషన్ని అడిగింది. పేర్లు వరసగా వచ్చినాయి. గుమాస్తాలకు చూసే హక్కు, రాసే హక్కు. అద్దాల గదిలో అడుగు పెట్టని అటెండరు యేసుదాసుకు కూడా చూసే హక్కుంది. దెబోరా పేరు అట్టడుగున ఉంది, రాసే హక్కొక్కటే. తను ఎక్కించింది తనే మళ్ళీ చూసుకునే వీల్లేదు. ఎవరు పెట్టినారబ్బా ఇట్లా అనుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. మిషను బిగించడానికి మద్రాసు నుంచి వచ్చినాయన, "ఎవరికేం కావాలో నువ్వే చెప్పమ్మా" అన్నాడు. ఈమే చెప్పింది. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలింది తనకు పెట్టుకుంది. తక్కువ రాసుకోమని ఎవరూ అనలేదు. అనాల్సిన పనేముంది? విరిగిన రొట్టె, మాడిన రొట్టె ఆడదానిదని చిన్నప్పుడే నేర్పి వదిలినారు కదా! కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. తన మీదే ఒళ్ళు మండింది. శేషయ్య పేరుతో ఇప్పుడే మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. మీటల మీద వేళ్ళు పెట్టి, మళ్ళీ తీసేసింది. దొంగదారిన వద్దనుకుంది. సాయంత్రం బస్సులో కిక్కిరిసిన జనం మధ్య ఈ సంగతి చెప్పుకోడానికి ఒక్క మొహమూ కనపడలేదు.

ఆదివారం తెల్లారింది. మొదటి రొట్టె పొంగి పెనం మీంచి దిగింది. దాన్ని తను తినే తట్టలో వేసుకుని, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టుకుని, దెబోరా పీట మీద కూర్చుని తినింది. వేడి వేడి రొట్టె తిని ఎన్నాళ్ళయిందో! తిన్నాక మిగతావి కాల్చి గంపలో వేసింది.

"ఏందీ, మాకు పెట్టకుండానే తినేసినావా?" అన్నాడు ఆనందరావు.

"ఆ గంపలో ఉండాయి, ఏసుకోండి."

చెయ్యి కడుక్కుని, సంచి తగిలించుకుని, చెప్పులు తొడుక్కుంది. "పోయొస్తా అత్తా" అంది.

సుగుణమ్మ బైబిలు కాగితం తిప్పింది, తలెత్తలేదు. దెబోరా గడప దాటింది. అప్పుడెత్తింది అత్త తల. "మ్మే! నేను ఊ అన్లేదే. ఎవుర్నడిగి పోతాండావ్?"

దెబోరా మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగింది.

"నన్నే అడిగినా అత్తా. ఊ అన్నా."