చెత్తబుట్టలో గులాబీలు

ఉచితం అనే మాట వింటేనే నాకు అనుచితంగా ఉంటుంది. అదీ తోడల్లుడి నోటి నుంచి వస్తే చెవులు వాటంతటవే నిక్కబొడుచుకుంటాయి.

"పైసా అక్కర్లేదు అన్నయ్యా. లైనక్స్ అని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అది వేస్తే ముసలి కంప్యూటర్‌కి మళ్లీ పళ్లొస్తాయి" అన్నాడు గుమ్మంలో బూట్లు విప్పుతూ. బయట బూట్లు విప్పేసి, లోపలికొచ్చి బూట్ చేస్తానంటాడు. ఇలాంటి మనిషిని నమ్మేదెలా?

మా ఆవిడది ఎంబ్రాయిడరీ పని. ముందు గదిలో కుట్టు మిషను, పక్కనే దాన్ని ఆడించే పదిహేనేళ్ల నాటి కంప్యూటరు. పదకొండేళ్లుగా ఆమె తీర్చిదిద్దుకున్న డిజైన్లన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. గులాబీలు, లతలు, బడి బ్యాడ్జీలు, అన్నీ. ఆ డబ్బా వారం రోజులుగా సగం తెరుచుకుని ఆరిపోతోంది. రేపు పొద్దున్నే బడివాళ్లు బ్యాడ్జీల కోసం వస్తారు. "ఆ డిజైన్లు పోతే నా చేతులు పోయినట్టే" అని మా ఆవిడ రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

తోడల్లుడికి రిపేర్లు వచ్చు, కాదనను. కానీ ఆయన భార్య, అంటే మా ఆవిడ సొంత చెల్లెలు, రెండు నెలల క్రితమే పక్క ఊళ్లో ఎంబ్రాయిడరీ మిషను కొన్నది. మా ఇంట్లో కుట్టు, వాళ్లింట్లో కుట్టు. మధ్యలో ఈయన సంచి తగిలించుకుని ఊడిపడ్డాడంటే అది కుట్ర కాక మరేమిటి?

స్టూలు లాక్కుని ఆయన వీపు వెనకే కూర్చున్నాను.

"నేర్చుకుంటారా అన్నయ్యా?"

"నేర్చుకోను. చూస్తాను."

ప్లగ్గు పెట్టి, సంచిలోంచి పెన్ డ్రైవుల గుత్తి తీశాడు. ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం ముడేసి ఉంది.

"ఆ దారాలెక్కడివి?"

"మీ మరదలు కట్టింది, గుర్తు కోసం."

నేనూ గుర్తు పెట్టుకున్నాను.

ఎర్ర దారం పెన్ డ్రైవు గుచ్చాడు. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. ముందున్న సాకెట్లు చచ్చాయట. వెనక గుచ్చాడు. ఈసారి నల్ల తెర మీద నాలుగు ముక్కలు గొణిగి ఆగిపోయింది. "తాతకి కొత్త రకం అరగట్లేదు. పాత మిషన్ల కోసం చేసింది వేద్దాం" అని పచ్చ దారం తీశాడు. అదీ రెండుసార్లు మొరాయించి, మూడోసారికి దారికొచ్చింది. తెర మీద ఒక మూల గడియారం కనపడింది. రెండువేల ఎనిమిది, జనవరి ఒకటి, రాత్రి పన్నెండు దాటి ముప్ఫై నిమిషాలు.

"ఇదేమిటయ్యా, పట్టపగలు అర్ధరాత్రి చూపిస్తోంది?"

"లోపల సెల్లు చచ్చింది అన్నయ్యా. ప్లగ్గు తీసి పెట్టినప్పుడల్లా దీనికి ఆ సంవత్సరం, ఆ పన్నెండింటి నుంచే లెక్క మొదలు. నెట్ ఉంటే సరిచేసుకుంటుంది. వైఫైకి డ్రైవర్ దొరకలేదు."

"నా కారుకే డ్రైవర్ లేడు. గాలికి డ్రైవరెందుకు?"

నవ్వాడు. దొంగలు చక్కగా నవ్వుతారు.

అప్పుడు సంచిలోంచి నల్లటి డిస్కు ఒకటి తీసి తగిలించాడు. దాని దీపం మిణుకు మిణుకుమంటుంటే మా ఆవిడ డిజైన్లు వరసగా అందులోకి నడిచిపోయాయి.

"ముందు వీటిని నా డిస్కులో దాస్తాను. తర్వాత ఇక్కడంతా తుడిచేసి, కొత్తది వేసి, మళ్లీ పెడతాను."

దాస్తాడట, తుడుస్తాడట. దొంగ కూడా వరస తప్పకుండా ఇదే చేస్తాడు!

ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "మరిదిగారూ, అన్నం చల్లారిపోతోంది!" ఆయన వెళ్లాడు. నాకు ఆకలి లేదన్నాను. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

నా పథకం సులువైనది. ఆయన డిస్కులోవి తీసేయాలి, మా సొంత పెన్ డ్రైవులోకి మేమే కాపీ చేసుకోవాలి. నల్ల డిస్కు తెరిచి, మొత్తం ఎంచి, డిలీట్ మీట నొక్కాను. ఖాళీ! మీసం దువ్వుకుని, మా పెన్ డ్రైవు కోసం వెనక గదిలోకి వెళ్లాను. అది బీరువాలో లేదు, సొరుగులో లేదు. చివరికి గుండీల డబ్బా అడుగున దొరికింది.

తిరిగి వచ్చేసరికి తోడల్లుడు చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద నీలి గీత సగం దాటి పాకుతోంది.

"ఎంత... ఎంతవరకు తుడిచావు తమ్ముడూ?"

"మొత్తం అన్నయ్యా. పాతది ఒక్క చుక్క లేదు."

నా చేతిలో పెన్ డ్రైవు బస్సు వెళ్లిపోయాక దొరికిన టికెట్టులా ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవులింత వచ్చింది.

కొత్త సిస్టమ్ మాత్రం గుర్రంలా లేచింది. తోడల్లుడు నల్ల డిస్కు తెరిచాడు. ఏమీ లేదు. పీకి గుచ్చాడు. ఏమీ లేదు. ఆయన మెడ మీద చెమట పట్టడం వెనక నుంచి నాకే ముందు కనపడింది. బ్యాడ్జీ గుడ్డ ఫ్రేముకి బిగించి పట్టుకుని మా ఆవిడ వచ్చి నిలబడింది.

"నా డిజైన్లేవి?"

"ఇందులోనే పెట్టాను వదినా... నా చేతుల్తో పెట్టాను..."

మా ఆవిడ ఆయన వంక చూసింది. పొద్దుటి నుంచి నేను చూస్తున్న చూపే అది. ఆమె ముఖం మీద చూస్తే నాకే భయమేసింది.

"ఎవరికైనా ఇచ్చారా మరిదిగారూ? ఏమీ అనను. ఉన్నాయా, లేవా, అదొక్కటి చెప్పండి."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క నిమిషం వదినా" అని తెర మీదున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కాడు.

బుట్ట నిండా గులాబీలు. లతలు, బ్యాడ్జీలు, పదకొండేళ్ల పనీ అందులోనే పడి ఉంది. మా ఆవిడ గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"డిస్కులోంచి ఎవరో తీసేశారు" అన్నాడు తోడల్లుడు. "టైము కూడా ఉంది. రెండువేల ఎనిమిది, జనవరి ఒకటి, పన్నెండూ యాభై."

"చూశారా!" అని ఎగిరి గంతేశాను. "రెండువేల ఎనిమిదట! అప్పటికి మనకీ కంప్యూటరే లేదు. నాకేం సంబంధం?"

"మీకు సంబంధం ఉందని ఎవరన్నారండీ?" అంది మా ఆవిడ.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "రోజూ చూసేదాన్ని, ప్లగ్గు పెట్టగానే దీనికి పన్నెండే. అంటే ప్లగ్గు పెట్టిన యాభై నిమిషాలకి. అప్పుడు మరిదిగారు నా ఎదురుగా ముద్ద నోట్లో పెట్టుకుంటున్నారు. ఈ గదిలో ఎవరున్నారు?"

"స్టూలు" అన్నాను.

"స్టూలు మీద?"

స్టూలుని కాలితో మెల్లగా వెనక్కి తోశాను.

"మా చెల్లికి ఈ గులాబీలు దొంగతనంగా ఎందుకండీ? సగం అదే గీసిచ్చింది" అని మరి నా వంక చూడలేదు. తోడల్లుడి వైపు తిరిగి, "మిమ్మల్ని అంతమాట అడిగాను మరిదిగారూ, మనసులో పెట్టుకోకండి" అంది.

డిజైన్లన్నీ తిరిగి వచ్చాయి. మిషను టకటకా కదిలింది. మొదటి బ్యాడ్జీ కుట్టు పడుతుంటే మా ఆవిడ దాని మీదే కళ్లు పెట్టి, పొద్దుటి అన్నం అప్పుడు తెప్పించుకుని తిన్నది. తెప్పించింది నా చేత. కంప్యూటర్‌లో ఆమెకొక పాస్‌వర్డ్ పెట్టించుకుంది. నాకు మాత్రం అతిథి ఖాతా. అందులో దేన్నీ తీసేయడం కుదరదట.

వెళ్తూ తోడల్లుడు గుమ్మంలో బూట్లు వేసుకుని, సంచి నా ముందు బార్లా తెరిచాడు.

"చూసుకోండి అన్నయ్యా."

"ఛ, ఛ, అవేం మాటలు తమ్ముడూ!" అన్నాను.

అంటూనే ఒకసారి తొంగి చూశాను.