సత్తు క్యాను

మాత్ర మింగి, చెంబులో నీళ్లు సగం తాగి, తవిటయ్య గడప మీద కూర్చున్నాడు. ఇంకాసేపటిదాకా మరేదీ నోట్లో పడకూడదు. టీ నీళ్లు కూడా. లోపల భార్య పైడితల్లి రాగులు విసరడానికి తిరగలి తిప్పుతోంది. గుప్పెడు చోళ్లు పడగానే రాయి కాస్త మందగించి, అవి నలిగాక మళ్లీ పరుగందుకుంటోంది. వన్ టౌన్‌లోని ఆ ఇరుకు సందులో మరెవరింటా తిరగలి లేదు. అందరూ మార్కెట్టు పక్కనున్న పిండిమరకే పోతారు.

అతను రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. వెలుతురు ఇంకా సరిగా రాలేదు. అయినా వేళ్ల కణుపులు కనబడ్డాయి. రెండేళ్ల కిందట ఈ వేళ్లు పనసతొనల్లా ఉబ్బి, పెళ్లినాటి వెండి ఉంగరం దిగకపోతే కంసాలి దగ్గర కోయించుకోవలసి వచ్చింది. ఆ వెండితోనే మళ్లీ చేయించిన ఉంగరం ఇప్పుడు వేలికి వదులుగా తిరుగుతోంది.

పైడితల్లి చేతులు దులుపుకుని ఖాకీ చొక్కా తెచ్చింది. చొక్కా పాతదే. రెండు పక్కలా నాలుగేసి వేళ్ల వెడల్పున లోపలికి మడిచి ఆమే కుట్టింది. మడిచిన గుడ్డను మాత్రం కత్తిరించలేదు.

"ఆ లోపలి గుడ్డ కోసీరాదేటి? గుచ్చుకుంతంది," అన్నాడు తవిటయ్య.

"ఉండనీ. మళ్లీ లావైతే ఇప్పుకోడానికి ఉంతాది."

"నానింక లావవను."

"ఆ మాట ఇక్కడ కూకోని కాదు మావా, పైకెక్కి సెప్పు."

ఆమె సత్తు క్యానులో అంబలి పోసి, మూత తిప్పి, మళ్లీ ఒకసారి బలంగా తిప్పింది. "తాగినాక మూత గట్టిగా బిగించు. అక్కడ గాల్లో కూడా గోదుమే," అంది. అతను తలూపాడు.

తన క్రేను తనకు తిరిగి దక్కేదీ లేనిదీ ఆ రోజు తేలిపోతుంది. పోర్టు డాక్టరు ఫిట్ అన్నాడు. కానీ ఫోర్‌మన్ గవర్రాజుగారు డాక్టర్ల మాట మీద క్రేను ఇచ్చే మనిషి కాడు. ఆయన కళ్లెదుట నిచ్చెన ఎక్కాలి, షిఫ్టు పూర్తిగా నడపాలి. మధ్యలో ఆగితే ఇక రిటైరయ్యేదాకా, ఈ రెండేళ్లలాగే, పనిముట్ల గది కిటికీ వెనకే.

మధ్యలో ఆగడమంటే ఏమిటో తవిటయ్యకు తెలుసు.

అతనిది శృంగవరపుకోట అవతల ఒక మెట్టపల్లె. ముందు పుట్టినవాళ్లెవరూ దక్కకపోతే, తల్లి అతన్ని పురిట్లోనే పొరుగింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అందుకే ఆ పేరు. పోర్టులో బస్తాలు మోసే పనిలో చేరి, ఖలాసీ అయి, చివరికి క్రేను గదిలోకి ఎక్కాడు. పైనుంచి చూస్తే ఒకవైపు డాల్ఫిన్ నోస్ కొండ, కాళ్ల కింద ఓడ కడుపు. అక్కడ ఎవరితోనూ మాట్లాడవలసిన పని లేదు. కింద సైగలిచ్చే నేస్తం గురువులు చెయ్యి ఎత్తితే ఎత్తాలి, దించితే దించాలి. తనకు తగిన చోటు అదేనని తవిటయ్య అనుకున్నాడు. అనుకుని చాలా ఏళ్లు సుఖంగా ఉన్నాడు.

తర్వాత ఒళ్లు బరువెక్కడం మొదలైంది. తిండి పెరగలేదు, మనిషి పెరిగాడు. ముఖం వాచింది. గొంతు బొంగురుపోయింది. వైశాఖంలో దుప్పటి కప్పుకునేవాడు. చూసిన ప్రతివాడూ ఒకే మందు చెప్పాడు: అన్నం మానెయ్, చపాతీ తిను. పైడితల్లి రేషను గోధుమలు మరపట్టించి చపాతీలు వత్తడం నేర్చుకుంది. అవి ఎన్నడూ గుండ్రంగా రాలేదు. అతను రాత్రిపూట తిన్నాడు; ఒళ్లు తగ్గకపోతే మధ్యాహ్నం కూడా తిన్నాడు. పొట్ట బిందెలా ఉబ్బింది, విరేచనాలు పట్టుకున్నాయి. పథ్యం ఇంకా గట్టిగా చెయ్యమన్నారు. అంటే ఇంకో చపాతీ.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు. కాలు పైకి లేవలేదు. పట్టుకున్న ఇనుప కడ్డీ వేళ్లకు తగులుతున్నదీ లేనిదీ తెలియలేదు. కింద జనం పోగయ్యారు. చివరికి నడుముకు తాడు కట్టి, ఓడలోంచి సరుకు దించినట్టు దించారు. ఎవరో నవ్వారు. సాయంత్రానికి "బస్తా" అన్న పేరు ఓడలు ఆగే బెర్తులన్నిటికీ పాకింది.

పెద్దాసుపత్రిలో కనకరత్నం డాక్టరమ్మ అతని గొంతు తడిమి, రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ అని చెప్పి మాత్ర రాసింది. మాత్ర పనిచేయలేదు. మోతాదు పెంచింది. అయినా పనిచేయలేదు. ఆవిడ అతన్ని విసుక్కోలేదు. ఆసుపత్రిలో ఉంచి, గొట్టం మింగించి, పేగు ముక్క తీసి పరీక్షకు పంపింది. జవాబు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"నీకున్నవి రెండు, తవిటయ్యా. గొంతులో ఒకటి, పేగులో ఒకటి. నీ పేగుకి గోధుమ పడదు. అది మానితేగాని నేనిచ్చే మాత్ర నీ ఒంటికి పట్టదు."

"మరి అన్నం తింతే లావైపోనా అమ్మా?"

"నిన్ను లావు చేసింది అన్నం కాదయ్యా. కొలుచుకుని తిను. చోళ్లు తిను, చేపలు తిను, నడువు. గోధుమ మాత్రం ఇక ఈ జన్మకి లేదు."

బయటికొచ్చాక పైడితల్లి ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. తన చేత్తో వత్తి, తన చేత్తో వడ్డించింది. తవిటయ్య పక్కన కూర్చున్నాడు. "నీ సపాతీలు ఎప్పుడూ బాగునేదులే," అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

ఇంట్లోంచి గోధుమ పోయింది. మైదా పోయింది, ఉప్మా రవ్వ పోయింది, క్యాంటీన్ పూరీ, టీలో ముంచుకునే బిస్కెట్టు పోయాయి. అయినా కొన్నాళ్లు బాగుంటే కొన్నాళ్లు పొట్ట మళ్లీ ఉబ్బేది. ఎందుకో తెలియలేదు. ఒకరోజు పైడితల్లి పిండిమర దగ్గర చోళ్ల డబ్బాతో వరసలో నిలబడింది. ముందున్నావిడ గోధుమలు పట్టించుకుని వెళ్లింది. వెంటనే మరవాడు చోళ్లు పోశాడు. గొట్టంలోంచి మొదట తెల్లటి పిండి రాలింది; ఆ తర్వాతే రంగు మారింది. ఆమె ఆ డబ్బా ఇంటికి తేలేదు. మర్నాడు బస్సెక్కి అత్తవారి ఊరు వెళ్లి, గొడ్లపాకలో మూలపడ్డ తిరగలిని బస్సు మీద వేయించుకుని వచ్చింది. "ఏటమ్మా, ఇల్లు కూడా తెచ్చీలేకపోనావా?" అన్నాడట కండక్టరు.

ఆ తిరగలి వచ్చాక మాత్ర ఒంటికి పట్టింది. సాయంత్రాలు తవిటయ్య సముద్రపొడ్డున జాలరిపేటదాకా నడవడం మొదలుపెట్టాడు. మొదట్లో కనబడ్డ ప్రతి పడవ అంచునా కూర్చునేవాడు. పోనుపోను కూర్చునే పడవలు తగ్గాయి. తర్వాత చేపల సంచీతో తిరిగొచ్చేటప్పుడు కూడా ఆగడం మానేశాడు.

ఆ పొద్దున అతను చేరేసరికి బెర్తు దగ్గర గోధుమ ఓడ కట్టి ఉంది. క్రేను కింద పదిమందిదాకా మూగి ఉన్నారు. వాళ్లలోంచి ఒక గొంతు, "బస్తా లేస్తందర్రా, తాడు సిద్దం సెయ్యండి," అంది. నవ్వులు లేచాయి.

గురువులు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నిన్న రాత్రే అన్నవరం నుంచి దిగాడు; గుండు ఇంకా నున్నగా మెరుస్తోంది. చేతిలో ఆకుపొట్లం. "సత్తెన్నారాయణ సామి పెసాదం బావా. నీకోసమే మొక్కి గుండు సేయించీసినాను. నోట్లో ఏసుకోని ఎక్కు," అన్నాడు.

పొట్లం విప్పగానే నెయ్యి వాసన కొట్టింది. గోధుమనూక, బెల్లం. అందరూ అతని నోటివంకే చూస్తున్నారు. ఒక్క ముద్ద. ఇప్పటికిప్పుడు ఏమీ కాదు, ఎక్కేస్తాడు కూడా. రాత్రికి మొదలవుతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లో. తిరగలి తిప్పిన చేతులు అతనికి గుర్తొచ్చాయి.

తవిటయ్య రెండు చేతులతో పొట్లం అందుకుని కళ్లకద్దుకున్నాడు. కాసేపు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత గురువులు చేతిలోనే తిరిగి పెట్టాడు.

"సామి పెసాదం కాదంతాడేటి!" అన్నాడు ఇందాకటి మనిషి. "డాక్టరమ్మ సామి కంటే పెద్దదేటి?"

"సామే పెద్ద," అన్నాడు తవిటయ్య. "అందుకే కళ్లకద్దుకున్నాను. పొట్టకి మాత్రం పడదు."

గురువులు ముఖం చిన్నబోయింది. పొట్లంలోకి చూశాడు, బావ ముఖంలోకి చూశాడు. "సర్లే. మొక్కింది నానే గదా, నీ ముద్ద కూడా నానే తింతాను. నువ్వెక్కు," అని పెద్ద ముద్ద నోట్లో వేసుకున్నాడు.

గవర్రాజుగారు గొడుగు మడిచారు. గోదావరి ప్రాంతపు మనిషి, నిదానస్తుడు. "ఎక్కగలవటయ్యా? లేదంటే ఇప్పుడే చెప్పెయ్యి, నామోషీ ఏం లేదు," అన్నారు. భుజానికున్న క్యాను చూసి, "అందులో ఏంటి?" అన్నారు.

"సోడంబలి బాబూ."

"మా వైపు రాగిజావ అంటాం. సరే, కానియ్."

తవిటయ్య ఎక్కడం మొదలుపెట్టాడు. అరచేతులకు ఇనుము చల్లగా, గరుకుగా తగిలింది. ప్రతి కడ్డీ తగిలింది. రెండు నిచ్చెనలు కలిపి బిగించిన చోట, బోల్టుల చుట్టూ తుప్పు గోధుమరంగులో కారిన చోట, అతను ఆగాడు. అది ఆ చోటే.

కింద గురువులు నమలడం ఆపాడు.

"తాడు కావాలేటి?" అని ఎవరో అరిచారు.

తవిటయ్య క్యాను ఒక భుజం మీదినుంచి రెండో భుజానికి మార్చుకున్నాడు. చెమట పట్టిన చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. కిందికి వంగి చూశాడు. "కావాల," అన్నాడు. గొంతులో బొంగురు లేదు. "నువ్వెక్కడానికి!"

కిందనున్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగకముందే అతను క్రేను గది తలుపు తీశాడు.

సీటు కొండలరావు కొలతకు ముందుకు జరిపి ఉంది. ఈ రెండేళ్లూ క్రేను నడిపింది అతనే. తవిటయ్య దాన్ని వెనక్కి జరిపి కూర్చున్నాడు. కిటికీ పక్క కొక్కేనికి క్యాను తగిలించాడు. తువ్వాలు ముక్కుకు అడ్డంగా కట్టుకున్నాడు. ఓడ అంచున గురువులు చెయ్యి దించాడు.

క్రేను చివర వేలాడే ఇనుప గ్రాబు నోరు తెరుచుకుని ఓడ కడుపులోకి దిగింది. గోధుమలను నిండుగా కరుచుకుని లేచింది. ఎండలో దుమ్ము బంగారంలా ఎగిసింది. బెర్తు మీద గోధుమలు కుప్పగా పడ్డాయి, సంచుల్లోకి పోయాయి, లారీలెక్కాయి. చేతులు దేన్నీ మరిచిపోలేదు. ఊరంతటికీ రాత్రి చపాతీలయ్యే గోధుమలు అతని చేతి కిందనుంచి పోతున్నాయి. అతనికి వాటి మీద కోపం లేదు. పడేవాళ్లకు పడతాయి. తన పని వాటిని పడకుండా దించడం.

మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకు పోయారు. అతను దిగలేదు. తలుపు మూసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ అంబలి తాగాడు. మూత బిగించి, మళ్లీ ఒకసారి బిగించాడు. కొండ మీద లైట్‌హౌసు తెల్లగా మెరుస్తోంది. అదక్కడే ఉంది. తను కూడా వచ్చాడు.

షిఫ్టు ముగిశాక దిగి వస్తే నిచ్చెన కింద గవర్రాజుగారు ఉన్నారు. మెచ్చుకోలు ఆయనకు అలవాటు లేదు.

"రేపు ఏ షిఫ్టు వేయమంటావ్?" అన్నారు.

"పొద్దుటిదే బాబూ."

ఇంటికి వచ్చి తవిటయ్య చొక్కా విప్పి పైడితల్లి చేతికిచ్చాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చుకుని, దీపం దగ్గర కూర్చుని, మడతల్లోని గుడ్డను రెండు పక్కలా కోసేసింది. ఆ పేలికలను తిరగలి తుడవడానికి దాచింది.

ఆ తర్వాత అతను ఆ క్రేను దిగింది ఇంటికి రావడానికే. ఉక్కు ఫ్యాక్టరీ కోసం వచ్చిన యంత్రాల పెట్టెలు దించాడు, ఎరువులు దించాడు, గోధుమలు దించాడు. చొక్కా మళ్లీ విప్పి కుట్టవలసిన పని పడలేదు. బస్తా అన్న పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. కొన్నేళ్లకు ఒక ఆషాఢపు సాయంత్రం షిఫ్టు దిగాక క్యాను పైనే మరిచిపోయాడు. గురువులు గుర్తుచేస్తే, "ఉండనీ బావా, పొద్దున్నే ఎక్కుతాను గదా," అన్నాడు. తెల్లవారుజామున పైడితల్లి చాలాసేపు తిరగలి తిప్పింది. ఆపి చూస్తే గడప మీద ఎవరూ లేరు. చెంబులో నీళ్లు నిండుగా ఉన్నాయి. నిద్రలోనే పోయాడు. పాడె మోసినవాళ్లలో గురువులు ఒకడు. మనిషి బరువు లేడని మాత్రం అన్నాడు.

మర్నాటి నుంచి క్రేను మళ్లీ కొండలరావుకు ఇచ్చారు. సీటు ముందుకు జరుపుకున్నాడు గానీ కొక్కేనికున్న క్యానును అతను దించలేదు. క్రేను తిరిగినప్పుడల్లా అది కిటికీ పక్కన మెల్లగా ఊగుతుంది. గోధుమ ఓడ వచ్చినప్పుడు దానిమీద సన్నని దుమ్ము పిండిలా పేరుకుంటుంది. మూత మాత్రం గట్టిగా బిగించి ఉంది.