గౌరి వెయ్యని ఇస్పేటు రాణి

ఒక్క నిమిషం ఆగండి, ఇది వినేసి వెళ్ళండి.

పాత విండోస్‌లో హార్ట్స్ అని పేకాట ఉండేది, గుర్తుందా? నలుగురు ఆడాలి. ఇస్పేటు రాణిని ఎవరు ఎత్తుకోవాల్సి వస్తే వాళ్ళకి బోలెడు పాయింట్లు, పాయింట్లు పెరిగినవాడు ఓడినట్టు. అందుకే రాణిని పక్కవాడి నెత్తిన పడేయడమే ఆటంతా! నోయిడా ఆఫీసులో భోజనాలయ్యాక నేను, సుధీర్, మా టీమ్ లీడ్ భీమేశ్వరరావు గారు, గౌరి ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళం కూర్చుని, ఆఫీసు నెట్‌వర్కులో కలిసి అదే ఆడేవాళ్ళం.

"సార్, మళ్ళీ నాకేనా!" అని సుధీర్ అరిచేవాడు.

"రోతే రహో యార్, ఏడుస్తూనే ఉండు, నెక్స్ట్ కూడా నీకే," అనేది గౌరి. తను ఢిల్లీలోనే పుట్టింది, తెలుగు సగంలో హిందీ అయిపోతుంది.

ప్రాజెక్టు అయిపోయింది. సుధీర్ బెంగళూరు వెళ్ళాడు, సార్ చెన్నై వెళ్ళారు, గౌరి గుర్‌గావ్‌లో వేరే కంపెనీలో చేరింది. నేను మయూర్ విహార్‌లో అదే అద్దె గదిలో మిగిలాను. కొత్త టీములో నన్ను భోజనానికి పిలిచేవాళ్ళు లేరు. ఆదివారం నేను మాట్లాడేది కూరగాయల భయ్యాతోనే.

"ధనియా డాల్ దూఁ?"

"డాల్ దో."

కొత్తిమీర వెయ్యనా అంటాడు, వెయ్యమంటాను. అంతే, ఆ రోజుకి మాటలు అయిపోయినట్టే.

అందుకని ఆ ఆటని బ్రౌజర్లో మళ్ళీ కట్టాను. ఇన్‌స్టాల్ గోల లేదు, లింకు నొక్కితే చాలు, పచ్చ బల్ల, ముక్కలు, అంతా జావాస్క్రిప్టే! మిగతా ముగ్గురినీ కంప్యూటరే ఆడాలి కదా, మా వాళ్ళ పేర్లే పెట్టాను. పేర్లు చాలవనిపించి, వాళ్ళు ఎలా ఆడేవాళ్ళో అలాగే రాశాను. సార్ పెద్ద ముక్కలు ముందే వదిలించుకుంటారు. సుధీర్‌ది కంగారు. గౌరి రాణిని నాకు మాత్రం వెయ్యదు, పట్టుకునే కూర్చుంటుంది. తనకి అదను చూసుకోవడం రాదనుకునేవాణ్ణి. గుర్తున్నది గుర్తున్నట్టే ఒక్క లైనులో రాసేశాను.

లింకు పంపిన మర్నాడే సుధీర్ ఫోను చేశాడు.

"అదిరిందిరా! సార్ అచ్చం సారే. నన్ను మరీ అంత వెధవలా రాశావేంట్రా? సరే గానీ, గౌరిలో బగ్ ఉంది."

"ఏం బగ్?"

"నాకు రాణి వెయ్యట్లేదు. చేతిలో పెట్టుకుని తనే మునిగిపోతోంది. ఆఫీసులో నన్ను ఉతికి ఆరేసేది కదరా!"

"ఆ ఆటలో నువ్వు కూర్చున్నది నా సీటు. నాకెప్పుడూ వేసేది కాదు."



"ఒరేయ్ దున్నపోతా, కోడు రాసేటప్పుడైనా వెలగలేదా?"

"మరి మీరెవరూ చెప్పలేదేం?"

"ఎవడి ముక్కల గొడవ వాడిది, మాకేం పట్టింది? జాలి కూడా అయ్యుండొచ్చులే. ఓడితే అలిగి టీకి కూడా వచ్చేవాడివి కాదుగా."

ఫోను పెట్టేశాక ఒక ఆట ఆడాను. గౌరి రాణిని పట్టుకుని మళ్ళీ మునిగింది. నేనే గెలిచాను. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.

గౌరికి లింకు ఇంకా పంపలేదు. పంపితే తను నా సీట్లో కూర్చుంటుంది. తన పేరున్న అమ్మాయి తనని కాపాడుతూ ఓడిపోవడం చూస్తుంది, రెండో ఆటకల్లా పట్టేస్తుంది. అది జాలే అయితే "నైస్ యార్" అని ఒక ముక్క రాసి ఊరుకుంటుంది, ఉన్న ఆ కాస్త పరిచయమూ పోతుంది. ఆ లైను తీసేస్తే మామూలు ఆటే, భయం లేదు. కానీ నాకోసం ఆగేవాళ్ళు ఆ ఆటలో కూడా ఉండరు.

ఆర్కుట్‌లో గౌరి పేజీ తెరిచి, లింకు అతికించి కూర్చున్నాను. మీరైతే ఆ లైను తీసేసి పంపుతారా, ఉంచి పంపుతారా?