గద్దమెట్ట ఎత్తు

నేను ఒక ఇత్తడి చెంబుని. ఇత్తడి పనికి పేరున్న బుడితి ఊళ్ళో నన్ను పోత పోసినవాడు మంచినీళ్ళ కోసం చేశాడు. గంటి నరహరిగారి భార్య ఆయన ప్రయాణానికి సామాను సర్దుతూ మంచినీళ్ళ కోసమే పెట్టింది. కొండల ఎత్తు కొలుస్తానని మా చెంబుల వంశంలో ఎవరూ అనుకుని ఉండరు.

నరహరిగారు సర్వే ఉద్యోగి. మన్యంలో ఒక కొండల వరసని అప్పటి పటాల్లో తెల్లగా వదిలేశారు. అక్కడ ఏమీ లేక కాదు, గీసేవాళ్ళు అంత దూరం వెళ్ళక. అక్కడే పుట్టి పెరిగిన కిల్లో దొన్నుకి మాత్రం ఆ కొండలు అడుగడుగూ తెలుసు. నడివయసు మనిషి. నరహరిగారికి దారి చూపించడానికి ఒప్పుకున్నాడు.

పైకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయట. శిఖరం మీద నీళ్ళు కాచి, థర్మామీటరు పెట్టి చూస్తే ఆ కొండ ఎత్తు లెక్క తేలుతుంది. అందుకని తెచ్చిన అసలు పాత్ర మొదటి వారంలోనే లోయలో పడిపోయింది. దాని ఉద్యోగం నాకు వచ్చింది. జీతం, ఒంటినిండా మసి.

ప్రతి కొండ మీదా ఇదే తంతు. కింద నీళ్ళు నింపడం, పైన కాచడం, అంకె రాసుకోవడం, పారబోయడం. దొన్ను చాలా రోజులు ఓపిక పట్టి చివరికి అడిగేశాడు.

"ఇంతెత్తు మోసుకొచ్చి, కాసి, పారబోస్తన్నారు. అంబలికి గుప్పెడు సోడిపిండయినా ఏసుకోరేటి బాబూ?"

నరహరిగారు నవ్వి, సంగతంతా విడమరిచి చెప్పారు. దొన్ను శ్రద్ధగా విన్నాడు.

"మెట్ట ఎంతెత్తో ఎక్కిన కాళ్ళకి తెలీదేటి?" అన్నాడు.

అలా ఇరవై మూడు కొండలయ్యాయి. మిగిలింది గద్దమెట్ట. ఆ వరసలోకెల్లా ఎత్తయినది. అసలు ఆయన వచ్చిందే దానికోసం.

మండువేసవి. అడుగున ఉన్న ఊట దగ్గర నన్ను నింపి, మూతికి గుడ్డ కట్టారు. దారిలో తాగడానికి దొన్ను సొరబుర్రలో నీళ్ళు పట్టాడు. పొద్దున్నించీ తనకి జ్వరంగా ఉందని మాత్రం చెప్పలేదు. మూడొంతుల కొండ ఎక్కేసరికి సొరబుర్ర ఖాళీ అయింది. దొన్ను కూలబడిపోయాడు. పెదవులు పగిలి, పిలిస్తే పలకడం లేదు.

శిఖరం ఇంకో గంట నడక. పైన చుక్క నీరు లేదు. నరహరిగారు అటు చూశారు, నావైపు చూశారు. ఆయన చెయ్యి నా మూతి గుడ్డ మీద కాసేపు ఆగింది. నిజం చెప్పాలంటే, ఆ ముడి విప్పవద్దని నాకూ అనిపించింది. ఇరవై మూడు కొండలు నా తలకెక్కాయి. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన ముడి విప్పారు. సగం తాగాక దొన్ను కళ్ళు తెరిచాడు.

"సాలు బాబూ. మిగిలింది మీ కొలతకి."

ఆయన వినలేదు. మిగతావీ తాగించి, తడి గుడ్డ అతని నుదుటి మీద వేశారు. తరవాత వీపున ఎత్తుకుని, ఆగి ఆగి ఊట దాకా దించారు. మళ్ళీ ఎక్కడానికి తిండిగింజలూ లేవు, కచేరీ ఇచ్చిన గడువూ లేదు.

నాలుగో రోజుకి దొన్ను లేచి కూర్చున్నాడు.

"ఎంతెత్తని రాసినారు?"

"రాయలేదు."

"నా మూలానే గదా."

"మెట్ట రేపూ ఉంటుంది. నువ్వుండేవాడివి కావు," అన్నారు నరహరిగారు.

కచేరీలో, గద్దమెట్ట పక్కన అంకె లేని ఆ ఖాళీకి సంజాయిషీ అడిగారు. దారి చూపినవాడి దాహం గురించి రాయడానికి వాళ్ళ కాగితంలో గడి లేదు. అజాగ్రత్త అని వాళ్ళే రాసుకున్నారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. నా కింద 'వంటపాత్ర' అని చీటీ. ఎదుటి గోడకి ఆ పటం. వచ్చినవాళ్ళు కొండల అంకెలు చదువుకుంటూ, అంకె లేని గద్దమెట్ట దగ్గర ఆగుతారు. గీసినవాడు మర్చిపోయాడంటారు. నాకు నోరుంది గాని మాట లేదు. ఉంటే ఒక్కటే చెప్పేదాన్ని. ఇరవై మూడు కొండల మీద నా నీళ్ళు పారబోశారు. గద్దమెట్ట మీద ఒక్క చుక్క కూడా పారబోయలేదు.