మాస్టారి బొమ్మ నడిచిన తీరు

మాస్టారి బొమ్మలాట బృందంలో ఆమె చేరిన ఏడేళ్లలో మాస్టారు బొమ్మను ముట్టుకున్నది ఫొటోల కోసమే. తెర వెనక నల్లబట్టలతో, నడుం పడిపోయేలా వంగి దారాలు లాగేది ఆమె. ఆట ముగిశాక ముందుకొచ్చి చేతులు జోడించి కళ్లు తుడుచుకునేది ఆయన. ఆ కన్నీళ్లు మాత్రం ఆయన సొంతమే, కాదనకూడదు.

ఇంట్లోనూ ఆమె పనికి విలువ అంతంతే. చుట్టాలొస్తే బావగారు, తన మరదలు బొమ్మలతో ఆడుకుంటుందని చెప్పి, తన జోకుకు తనే నవ్వుకునేవాడు.

ఈలోగా మాస్టారు, బొమ్మలాటను వృత్తిగా చేసుకోవడం ఎలాగో నేర్పుతానని మూడు రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజంతా విజిటింగ్ కార్డు గురించే. రెండో రోజు, విలేకరి ముందు ఎలా కూర్చోవాలో. నలభైమంది పొల్లుపోకుండా రాసుకున్నారు. మూడో రోజు ముందు వరసలోని రిటైరైన పోస్ట్‌మ్యాన్ లేచాడు.

"బొమ్మ నడవాలంటే ముందు ఏ దారం ఎత్తాలి సార్?"

నడక ఆత్మలోంచి రావాలన్నారు మాస్టారు.

"వస్తుంది లెండి. దారం ఏదని?"

మాస్టారు ఆమెవైపు తిరిగారు. "చూపించమ్మా. నా చేతులూ నీ చేతులూ ఒకటే కదా."

ఆమెకు ఒళ్లు మండింది. "కాదండీ. మీరే చూపించండి," అంది.

ఆయన బొమ్మను ఎత్తారు. దాని మోకాళ్లు కప్పువైపు లేచాయి, తల నేలకు కొట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉందన్నారాయన. అది కూడా ఒకరిద్దరు రాసుకున్నారు.

ఆమె చిక్కు విప్పి, పోస్ట్‌మ్యాన్‌ని పిలిచి, దారాలు కట్టిన చెక్క ఆయన చేతిలో పెట్టింది. బరువు ఒక కాలిమీదికి వాలాకే రెండో మోకాలి దారం ఎత్తమంది. బొమ్మ నాలుగడుగులు వేసింది. పెద్దాయన దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ నడిపించాడు.

మర్నాడే ఆమె మానేసింది. కృతజ్ఞత లేని మనిషని మాస్టారు ఊరంతా చాటారు. పని కోసం వెళ్లిన ఆఫీసుల్లో ఒకచోట బుడగలు కూడా ఊదుతారా అని అడిగారు. చివరికి ఒక పిల్లల ఆసుపత్రి వారానికి రెండు ఆటలు ఆడించడానికి ఒప్పుకుంది. రెండో బొమ్మ పట్టడానికి పోస్ట్‌మ్యాన్ వచ్చాడు.

మాస్టారి శిక్షణకు ఇప్పటికీ జనం కిటకిటలాడుతున్నారట. విజిటింగ్ కార్డులకు రెండు రోజులు కేటాయించారట. ఆమె ఆ మాట విని, పోస్ట్‌మ్యాన్‌వైపు తిరిగి, "బాబాయ్‌గారూ, మీ బొమ్మ కుంటుతోంది. మళ్లీ మొదటినుంచి," అంది.