సున్నా చుట్టిన రోజులు

కుమారి పెరట్లో గిన్నెలు తోముతోంది. నెలలో ఆ మూడు రోజులూ ఆమె చెయ్యదగిన పని అదే. వంటింటి గడప తొక్కకూడదు, ఉప్పు డబ్బా ముట్టుకోకూడదు. మెస్‌లో యాభైమంది తిన్న గిన్నెలు మాత్రం తోమొచ్చు. తోమి బోర్లిస్తే అత్త తవిటమ్మ వాటిమీద నీళ్లు చిలకరించి లోపలికి పట్టుకెళ్తుంది. గిన్నెకి చెంబెడు నీళ్లతో పోయే మైల మనిషికి మూడు రోజులు ఎందుకుంటుందో కుమారికి ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎవర్నీ అడగలేదు.

మొగుడు తిరుమలరావు పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఒసే కుమారీ, నీ సెయ్యి ఏటైపోనాదే? ఆ రైల్వే కంట్రాక్టరు నరసింగరావుగారు ముప్పైమందికి రోజూ భోజనం మన దగ్గిరే అన్నారు. ఇప్పుడు ఫోన్లో జనాలు రాసింది సూసి ఎనక్కి తగ్గుతన్నారు. రేపు మద్దేనం వొచ్చి, తిని, అప్పుడు సెప్తారట."

"ఏటి రాసారు బావా?"

"ఎవుడికి తెల్సు? పనీపాటా నేనోలు ఏదో రాస్తారు. అయన్నీ సదువుతా కూకుంటే యాపారం సాగుతాదా? ఫోన్లో మన మెస్‌కి ఏసే సుక్కలు తగ్గిపోనాయి, సాలదా?"

అనేసి వెళ్లిపోయాడు.

కొత్తవలస స్టేషను దగ్గర ఆ మెస్‌కి ఉన్నది అతని పేరే, తిరుమలరావు మెస్ అని. పద్దెనిమిదేళ్లుగా వండుతున్నది కుమారి. తినేవాళ్ల మొహాలు ఆమె ఎన్నడూ చూడలేదు. వంటింటి కిటికీలోంచి కంచాలే కనబడతాయి. ఖాళీగా వస్తే బాగుందని, మిగిలి వస్తే బాగులేదని ఊహించుకోవడమే. అలాంటిది వాళ్లు ఏకంగా రాస్తారా? ఏమని రాస్తారు? తన కూర గురించి ఎక్కడో ఎవరో కూర్చుని ఆలోచించారనుకుంటే, చేతిలో గిన్నె చేతిలోనే ఆగిపోయింది.

"అనూ, ఇలాగ రా. ఆ రాతలు సదువు, ఇందాం."

డిగ్రీ చదువుతున్న కూతురు అనూరాధ ఫోను పట్టుకొచ్చి గట్టుమీద కూర్చుంది. మెస్‌ని ఫోను మ్యాపులో పెట్టింది ఆ పిల్లే. ఎవరేం రాసినా తారీకుతో సహా ఆమెకే తెలుస్తుంది.

"మూడు నెల్లనించి నాన్నకి సెప్తన్నాను, ఒక్కటీ సూడనేదు. ఇనుకో. 'ఇక్కడ ఆవపెట్టిన పనసపొట్టు కూర తింటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయి పదేళ్లయింది. వండినవారి చెయ్యి ఒకసారి చూడాలనిపించింది.'"

కుమారి నురగ పట్టిన తన చేతుల్ని తిప్పి చూసుకుంది.

"మల్లీ సదువు."

అనూరాధ మళ్లీ చదివింది. ఎవరీ మనిషి? ఏ రైలు దిగారో, ఏ బల్ల దగ్గర కూర్చున్నారో? 'ఉప్పు తగ్గింది' అన్నాడు మొగుడు, 'ఆలీసమైపోనాది' అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఇంకేమన్నా అన్నాడేమోనని వెతుక్కుంది. ఏదీ తట్టలేదు.

"అదే మనిషి మల్లీ ఒచ్చారమ్మా. 'ఆ కూర కోసమే దిగాను. నోట్లో పెట్టలేకపోయాను, ఒకటే చేదు. ఇక్కడ ఏ రోజు బాగుంటుందో, ఏ రోజు బాగుండదో ఎవరైనా చెప్పగలరా?'"

చేదా? ఆవముద్ద పొయ్యిమీద ఉడికితేనే చేదెక్కుతుంది. కుమారి కూర దించి, చల్లారాకే కలుపుతుంది.

"అది ఏ తారీకు?"

"ఏప్రిల్ ఎనిమిది. ఇంకో ఇద్దరూ తిట్టేరు. మార్చి పన్నెండు, ఫిబ్రవరి పద్నాలుగు."

వరండా గోడకి క్యాలెండరు వేలాడుతోంది. దేవుడి పనులకి అడ్డు రాకుండా, కోడలు బయటున్న రోజులకి తవిటమ్మ పెన్సిలుతో సున్నాలు చుడుతుంది. దేవుడి బొమ్మ ఉన్నది కాబట్టి కుమారి ముట్టుకోకూడదు. అనూరాధే వెనక్కి తిప్పింది.

మూడు తారీకులూ సున్నాల్లోనే ఉన్నాయి. ఆ రోజుల్లో వండింది ఆమెకి బదులు పిలిచే కూలి వంటవాడు గంగులు. ఇవాళా వాడే వండాడు. రేపూ వాడే.

కుమారి మొగుణ్ణి పిలిచి చూపించింది. తిరుమలరావు క్యాలెండరు చూశాడు, ఫోను చూశాడు.

"అయితే ఏటంతావు? రేపు గంగుల్ని జాగర్తగా వొండమంతాను."

"గంగులొద్దు. రేపు నేనే వొండుతాను," అంది కుమారి.

వెనకే వచ్చిన తవిటమ్మ నోరు నొక్కుకుంది. "ముట్టులో ఉన్నదాన్ని పొయ్యికాడికి రానిస్తావేటిరా? లోకం ఏటంతాది?"

"లోకం అంతన్నాది గదా అత్తా, మూడు నెల్లనించి," అంది కుమారి. "ఇంతన్నోలే నేరు."

తిరుమలరావు గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు. కుమారి కూతురి వైపు తిరిగింది.

"దీనికి మనం జవాబు రాయొచ్చా?"

"రాయొచ్చు. మెస్ పేరుమీద వెల్తాది."

"అయితే కింద నా పేరు పెట్టు. రాయి. 'మీరు అమ్మో అయ్యో నాకు తెలీదు. మీరు రాసింది నిజం. నెలకి మూడు రోజులు నన్ను వంటింట్లోకి రానివ్వరు. మీకు చేదు తగిలింది ఆ రోజుల్లోనే. రేపటి నుంచి ఏ రోజొచ్చినా కూర ఒకేలా ఉంటుంది. నాకు ఒళ్లు బాగులేకపోతే ఆ రోజు మెస్ తెరవం. ఇక్కడ వండేది నేను. కుమారి.'"

అనూరాధ వేలు ఫోనుమీద ఆగింది. "పంపీమంతావా? ఊరంతా సూస్తాది. నరసింగరావుగారూ సూస్తారు."

"సూడనీ."

కుమారి చేతుల నురగ కడుక్కుంది. మిగిలిన గిన్నెల్ని అక్కడే వదిలేసి, తవిటమ్మ పక్కనుంచి గడప దాటి లోపలికి వెళ్లి, రేపటికి ఆవాలు నానబోసింది.